వంద మీటర్ల వేణుమాధవ్

కాజీపేట దాటాక ఎదురు సీటు కుర్రాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. అది మోగుతూనే ఉంది. నాలుగు పల్లీలు చేతిలో పోసి మాటల్లోకి దించాను. పేరు వేణుమాధవ్, ఇల్లు మెట్టుగూడ. ఆ రోజుల్లో ఏ పెట్టె ఎక్కినా తగిలే సాఫ్ట్‌వేర్ జాతే. కాకపోతే ఇతను దక్షిణాఫ్రికాలో ఓ బ్యాంకు పని ముగించి, సెలవు పెట్టి మరీ కుడు వేటకు వెళ్లాడు. మెలితిరిగిన కొమ్ముల పెద్ద జింక అది. అక్కడ రుసుము కడితే చట్టమే ఒప్పుకుంటుంది. ఢిల్లీ ఆఫీసులో మొహం చూపించి ఇప్పుడు ఇంటికొస్తున్నాడు. పోయేముందు తప్పకుండా కొట్టుకొస్తానని బావకు మాటిచ్చాడట.

వేట పుస్తకాలు నేనూ చాలానే నమిలాను. వాటిలో జంతువు పది అడుగుల్లోకి రానిదే తుపాకీ పేలదు. రచయిత వయసు పెరిగేకొద్దీ అది ఇంకా దగ్గరికొస్తుంది. ఇతని కథలో మాత్రం దూరం మొదటి రోజే తేలిపోయింది. గైడు ఎమిలీ అనే ఆవిడ కాగితం మీద గురి పెట్టించింది. పడుకుని, ఇసుక సంచికి తుపాకీ ఆనించి కాలిస్తే రెండు వందల మీటర్ల దూరంలోనూ గుళ్లు సాసరంత చోట తగిలాయి. తర్వాత గుట్ట ఎక్కించి, రొప్పుతుండగానే నిలబెట్టి కాల్పించింది. వంద దాటితే గుళ్లు చెల్లాచెదురు. అడవిలో ఎప్పుడూ ఇలాగే రొప్పుతుంటావు, నీ దూరం నువ్వే చెప్పమంది. వంద అన్నాడు.

చివరి సాయంత్రం కనిపించింది కుడు, ఎదురు గుట్ట మీద, ఫోటోకి నిలబడ్డట్టు పక్కకు తిరిగి. దూరం రెండు వందలకు కాస్త తక్కువ. దగ్గరికి పోదామంటే మధ్యలో చాటు లేదు, పొద్దు వాలిపోతోంది. నీ ఇష్టమంది ఎమిలీ. ఇతను తుపాకీ దించేశాడు.

కొట్టి చూడాల్సిందన్నాను.

"కొడితే తగుల్తది సార్. యాడ తగుల్తదో తెల్వదు. కడుపుల తగిలి ఉరికితే, చీకట్ల యాడ దేవులాడాలె?"

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఎత్తాడు. రెజిమెంటల్ బజార్‌లో దుకాణం నడిపే బావ, సదాశివ. ఆ గొంతు పెట్టె మొత్తానికీ వినిపించింది.

"ఏంది బామ్మర్దీ, ఫోటోకు మీ హాల్ల మేకు సుత కొట్టిపెట్టిన. దోస్తులు ప్లాట్‌ఫారం మీదనే ఉన్నరు, దండ తెచ్చిన్రు. ఎంత దూరంకెల్లి కొట్టినవో జెర చెప్పు, షర్త్ కట్టినం."

"వచ్చినంక చెప్త బావా."

పెట్టేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నాకు జాలేసింది. ఓ అబద్ధం నేను అల్లిపెడతానన్నాను, వేట కథలకు అదేం కొత్త కాదుగదా. నవ్వాడు.

రైలు అలవాటు ప్రకారం స్టేషన్‌కు ముందే, మెట్టుగూడ ఔటర్లో ఆగింది. అబద్ధానికి మంచి మొదలు దొరికి తలెత్తేసరికి ఎదురు సీటు ఖాళీ. సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని, పట్టాలు దాటి, ఇళ్లవైపు నడిచిపోతున్నాడు. వెనక్కి తిరగలేదు.