చింతపండు నీళ్లతో కడిగిన నాలుక

మొన్న హిందూపురంలో మాకు పాలుపోసే ఆయన ఆవుకు గాలికుంటు తగిలితే, చూడడానికొచ్చిన కుర్ర డాక్టరు నోటిపుండు రసం రెండు చుక్కలు ఒక చిన్న పట్టీ మీద వేసి, పావుగంటలో అది ఏ రకం వైరస్సో చెప్పేశాడు. భేష్ అని మెచ్చుకుని ఇంటికైతే వచ్చానుగానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు.

అరవైల మొదట్లో నేను పెనుకొండ పశువుల ఆసుపత్రిలో చిన్న ఉద్యోగిని. దండాలు పెట్టేవాళ్లకు కొదవ లేదుగానీ పలకరించి కూర్చోబెట్టే గడప ఒక్కటీ ఉండేది కాదు. సెలవునాడు స్టేషనుకు పోయి, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ నావాళ్లు కాకపోయినా, బెంగుళూరు బండి వచ్చిపోయేదాకా ఊరికే కూర్చునేవాణ్ణి.

గాలికుంటులో రకాలున్నాయని, ఒక రకం వచ్చి తగ్గిన పశువుకు మరో రకం మళ్లీ రావచ్చని పశువులను సాకిన మీకు తెలిసే ఉంటుంది. ఆ రకం తేలాలంటే నాలుక మీది పొర కాస్త కత్తిరించి, మందునీళ్ల సీసాలో వేసి బెంగుళూరు ప్రయోగశాలకు పంపాలి. జవాబుకు వారాలు పట్టేది.

సోమందేపల్లి దగ్గర ఒక ఒంటరి అవ్వకు రెండెద్దులుండేవి. రెండింటికీ కిందటేడే జబ్బు వచ్చి తగ్గింది. ఈసారి ఒకటి మళ్లీ పడింది, రెండోది బత్తలపల్లిలో ఆమె తమ్ముడి దగ్గరుంది. శెనక్కాయ విత్తే అదనుకు దాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చా అన్నదే ఆమె బెంగ. ఇది కొత్త రకమైతే దానికీ అంటుకుంటుంది. నేను పొర తీస్తుంటే ఎద్దు నోట్లోంచి పుల్లటి వాసన వచ్చింది. "సారు చెయ్యిపెట్టే నోరు గదప్పా, చింతపండు నీళ్లతో శుభ్రంగా కడిగినా" అంది సంబరంగా. పులుపు తగిలితే వైరస్ చస్తుందని నాకు తెలుసు. తెలిసీ, నాకోసం సంగటి ముద్ద చేసి పెట్టిన మనిషిని నొప్పించలేక, ఆ పొరనే సీసాలో వేశాను.

వైరస్ కనబడలేదని జవాబొచ్చింది. చదివి వినిపించాను.

"కనబల్లేదంటే లేనట్లే గదా సారూ! రేపే తోలుకొస్తా."

కాదవ్వా, పొర చెడిపోయింది, మళ్లీ పంపాలి అనాల్సింది నేనే. అంటే తప్పు నాదని బయటపడుతుంది, నన్ను కూర్చోబెట్టే ఆ ఒక్క గడపా మూసుకుపోతుందని భయం వేసింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

వారం తిరక్కుండా రెండో ఎద్దూ చొంగ కారుస్తూ కూలబడింది. సరిగ్గా అప్పుడే వాన పడింది. చుట్టూ అందరూ విత్తుకుంటుంటే ఆమె చేను మాత్రం బీడుగా మిగిలింది. నేను మళ్లీ ఆ ఊరి మొహం చూడకుండా, అడిగి మరీ ధర్మవరానికి బదిలీ చేయించుకున్నాను.

ఇప్పటి పిల్లలకు వారాల తరబడి ఎదురుచూసే బాధ లేదు, సంతోషమే. ఆ అవ్వ మాత్రం అంతా తన తలరాత అనుకునే కన్నుమూసిందట. కాదని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.