వర్జ్యం చూసి బయల్దేరిన కారు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరో గానీ, ఆయన కాలంలో స్పోర్ట్స్ కార్లు లేవు. ఉండి ఉంటే ఇంకో మాట కలిపేవాడు: కారు కొని చూడు, దాన్ని పంటు ఎక్కించి చూడు అని. నేను ఆ పని సరిగ్గా నా పెళ్ళిరోజున చేశాను. దాంతో గోదావరికి ఈ గట్టు మీద జనం, ఆ గట్టు మీద జనం పనులు మానుకుని నన్ను చూస్తూ నిలబడిపోయారు. అంత తెలివితక్కువ పని మా వంశంలో అంతకుముందు ఎవరూ చేయలేదని మా సూర్రావు మావయ్య ఇప్పటికీ అంటాడు. మా వంశం గురించి ఆయనకి పూర్తిగా తెలియదు, అది వేరే సంగతి.

మాది ముక్తేశ్వరం. నేను ఆరేళ్ళు గల్ఫులో ఒక గిడ్డంగిలో సూపర్‌వైజరుగా చేసి తిరిగొచ్చాను. అక్కడ సెలవు రోజున నాకున్న ఏకైక కాలక్షేపం రోడ్డు పక్కన నిలబడి కార్లు చూడటం. నేలని కరుచుకుని, చప్పుడు లేకుండా జారిపోయే కార్లు. అలాంటిది ఒకటి కొనకపోతే నా జన్మ వృథా అని అప్పుడే తీర్మానించుకున్నాను. ఇంటికొచ్చి నాన్న కొబ్బరి వ్యాపారంలో కుదురుకోగానే కొన్నాను కూడా. గొప్ప పేరున్న కంపెనీ చేసే కార్లలో అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా చవకది. చవక అన్నది షోరూము వాళ్ళ మాట, నాది కాదు. పెద్దింటి ఆఖరి అల్లుడిలాంటి కారన్నమాట. వాటా తక్కువ, బెట్టు ఎక్కువ.

షోరూములో కుర్రాడు నిజాయితీపరుడే. "సార్, ఈ బండి కొంచెం కిందకుంటుంది. మీ వైపు రోడ్లు ఎలా ఉంటాయి?" అని అడిగాడు.

"అద్దంలా ఉంటాయండి" అన్నాను. పగిలిన అద్దమని చెప్పలేదు.

ముక్తేశ్వరం నుంచి అమలాపురం దాకా ఎన్ని స్పీడు బ్రేకర్లున్నాయో నాకు తెలిసినంతగా వాటిని వేసినవాళ్ళకి కూడా తెలియదు. ప్రతి దాని దగ్గరా వెనక కూర్చున్నవాళ్ళు దిగాలి, నేను బండిని ఏటవాలుగా, నిండు గర్భిణిని నడిపించినట్టు దాటించాలి, తర్వాత వాళ్ళు నడిచొచ్చి ఎక్కాలి. రెండు ప్రయాణాలయ్యాక అమ్మ తేల్చి చెప్పేసింది. "ఎలాగా సగం దూరం నడుత్తానే ఉన్నాను గదరా. మిగతా సగం ఆటోలో ఎల్లిపోతాను."

పైగా ఆ కారుకి భయం ఎక్కువ. చుట్టూ ఏది దగ్గరికొచ్చినా కూస్తుంది. గేదె వస్తే కూత, కోడి వస్తే కూత, కాలువ గట్టు మీద ఎదురుగా కొబ్బరి ట్రాక్టరు వస్తే ఇక ఏడుపే. మావయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, వంగి, కిందకి చూసి, "ఎత్తుబండి కొనుక్కోరా అంటే విన్నావు కాదు. ఇది బండా, ఉడుమా?" అన్నాడు. ఆయన పంచాంగం తప్ప ఏదీ నమ్మడు కాబట్టి నేను పట్టించుకోలేదు.

అప్పుడే నాకు సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు పద్మజ. గోదావరి అవతల, కె.గంగవరం దగ్గర ఊరు. మూడేళ్ళు రోజూ ఏరు దాటొచ్చి ఇటువైపే చదువుకుంది. ఏరు దాటడమంటే పంటు మీదే. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: రెండు పడవలు జతచేసి, పైన బల్లలు పరిచి, మనుషుల్నీ బళ్ళనీ కలిపి దాటించే సాధనం పంటు. గట్టుకి ఆనగానే ముందున్న ఇనప పలక కిందకి దించుతారు. దాని మీదుగా దిగిపోవడమే. యానాం వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళే దారి లేకపోలేదు. కానీ ఆడపెళ్ళివారు ఎదుర్కోలు సరిగ్గా అవతలి గట్టున కోటిపల్లి రేవులోనే పెట్టుకున్నారు. బ్యాండు మేళం, పానకం బిందెలు, వందమంది చుట్టాలు చూస్తుండగా, నేను నా కారుని స్వయంగా నడుపుకుంటూ పంటు మీంచి దిగాలి. అదీ నా కల. దీనికి మించిన కోరిక ఆ రోజుల్లో నాకు లేదు.

పెళ్ళికి రెండ్రోజుల ముందు పద్మజ ఫోన్ చేసింది.

"ఏవండీ, కారుని పంటు మీద తెత్తున్నారంటగా?"

"ఆయ్, తెత్తున్నాను."

"అయితే పదకొండు దాటేక దిగేలా రండి. ఆ రోజు తొమ్మిదింటికి నీరు బాగా తీసేసి ఉంటదండి. పంటు కిందకి దిగిపోద్ది, పలక నిటారుగా నిలబడద్ది. పదకొండు దాటితే పోటెక్కి సాపుగా ఉంటది. ముహూర్తం పన్నెండూ పాతిక్కే గదండీ, రేవు నుంచి మా ఇంటికి పావుగంటే."

ఇంతకన్నా వివరంగా ఏ ఇంజనీరూ చెప్పలేడు. నేనేమన్నానో వినండి. "పోటూ పాటూ పడవలకి పద్మజా. నా కారుకి రెండు వందల గుర్రాల బలం."

"ఆ గుర్రాలకి పంటు దిగడం అలవాటేనాండీ?" అని మాత్రం అడిగింది. నేను నవ్వి పెట్టేశాను.

అసలు ముప్పు మావయ్య వైపు నుంచి వచ్చింది. పెళ్ళిరోజు పొద్దున్నే పంచాంగం తెరిచి, తొమ్మిదీ యాభై నుంచి పదకొండూ పాతిక దాకా వర్జ్యం అని ప్రకటించాడు. "వర్జ్యంలో పెళ్ళికొడుకు ఏరు దాటకూడదు. ఎనిమిదిన్నరకి పంటు ఎక్కేయాలి, తొమ్మిదింబావుకి విడిదిలో ఉండాలి" అన్నాడు. ఆయన ఆకాశంలో నక్షత్రాలు చూశాడు. ఆ అమ్మాయి గోదావరిలో నీళ్ళు చూసింది. మధ్యలో ఉన్న నేను అద్దంలో నా మొహం చూసుకుంటున్నాను.

పంటు నడిపే సరంగు గంగరాజు కూడా చెప్పాడు. "బాబుగారూ, నీరు లాగేత్తందండి. రెండు గంటలు ఆగితే బాగుంటదేమో."

"వర్జ్యం వచ్చేద్దయ్యా, పోనీ" అన్నాడు మావయ్య.

మా వైపు రేవులో నలుగురు పట్టుకుని ఎలాగో ఎక్కించారు. కారుకి ఎడమవైపు పంటు కమ్మీలు, కుడివైపు కొబ్బరికాయల లోడుతో ట్రాలీ ఆటో, వెనక మోటారు సైకిళ్ళు. తలుపు తీయడానికి జానెడు చోటు కూడా మిగల్లేదు. బాసికం కింద బొట్టు చెమటకి చెరిగిపోకుండా ఏసీ వేసుకుని నేనొక్కణ్ణే లోపల కూర్చున్నాను. దారి పొడుగునా కారు అటు కమ్మీల్ని చూసి, ఇటు కాయల్ని చూసి ఆపకుండా కూస్తూనే ఉంది. దాని మాట నేను విని ఉండాల్సింది.

కోటిపల్లి రేవు దగ్గరపడింది. బ్యాండు మోత మొదలైంది. కాబోయే మావగారు, బావమరిది శీను, చుట్టాలు, అందరూ వరుసగా నిలబడ్డారు. గంగరాజు పలక దించాడు. పద్మజ చెప్పినట్టే అది నిటారుగా గట్టుకి నిచ్చెన వేసినట్టు నిలబడింది. నేను నల్లకళ్ళద్దాలు సర్దుకుని, రెండు వందల గుర్రాల్నీ ఒకేసారి అదిలించాను.

ముందు చక్రాలు పలకెక్కాయో లేదో, కర్రుమని చప్పుడు. బంపరు వెళ్ళి పలక సందులో ఇరుక్కుంది. ముందుకి పోదు. వెనక్కి తీస్తే బంపరు అక్కడే ఉండిపోయేలా ఉంది. పలకకి కారు అడ్డం, కారుకి పలక అడ్డం. మనుషులు పక్కనుంచి ఎలాగో దిగిపోయారు గానీ, బళ్ళన్నీ నా వెనకే ఆగిపోయాయి. బ్యాండు వాళ్ళు వాయించాలో మానాలో తెలియక డప్పు ఒక్కటీ కొడుతూ ఉండిపోయారు.

గోదావరి జిల్లా మర్యాద ఎలాంటిదో అప్పుడు చూశాను. మావగారు పలక దాకా వచ్చి, చేతులు జోడించి, "బాబుగారూ, ప్రయాణం బాగా జరిగిందాండీ?" అని అడిగారు.

"ఆయ్, ఇంకా జరుగుతా ఉందండి" అన్నాను సగం దించిన అద్దంలోంచి.

"మరేం పర్లేదండి. నిదానంగా దిగండి" అన్నారు ఆయన, నేను కావాలనే ఆగినట్టు.

కంపెనీ వాళ్ళు కష్టకాలంలో చేయమని ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. చాలా తీయని గొంతు పలికింది.

"సార్, మీ వాహనం ప్రస్తుతం ఎక్కడుందండీ?"

"గోదావరి మీదండి."

"గోదావరి వంతెన మీదా సార్?"

"కాదండి, గోదావరి మీద. పంటులో."

"రోడ్డు పేరు చెప్పండి సార్, నమోదు చేసుకుంటాను."

"రోడ్డుంటే మీకెందుకు చేస్తానండీ?"

"అర్థమైంది సార్. వాహనం రోడ్డు మీదకి వచ్చాక మళ్ళీ కాల్ చేయండి, తప్పకుండా సాయం పంపిస్తాం."

ఈలోగా తొమ్మిదీ యాభై అయింది. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ మావయ్య చేతి గడియారం చూసుకుని కేకేశాడు. "ఒరే సత్తిబాబూ, వర్జ్యం వచ్చేసింది. ఇప్పుడు కాలు కింద పెట్టకు. పదకొండూ పాతిక దాకా అందులోనే కూర్చో."

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, హాస్యానికి చెప్పడం లేదు. ఆడంబరం మనిషేమోనని పద్మజ వాళ్ళ పెదనాన్నకి నా మీద మొదట్నించీ అనుమానం. ఆయన గట్టు మీద చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు. ముహూర్తం తప్పితే ఏమవుతుంది? తప్పకపోయినా, ఇలాంటివాణ్ణి కట్టుకోవాలా అని ఆ అమ్మాయి అనుకుంటే? బంపరు పోతే ఇంకోటి వస్తుంది గానీ, ఆ అమ్మాయి కళ్ళలో నా విలువ పోతే ఏ షోరూములో దొరుకుతుంది?

ఫోన్ మోగింది. పద్మజే. గౌరీపూజలోంచి లేచి చేసిందట.

"ఏవండీ, ఇరుక్కున్నారంట."

"ఆయ్."

"మీ కారుకి పైన కిటికీ ఉందని ఎంగేజిమెంటు నాడు మూడుసార్లు చూపించేరు గదా. దాన్ని తెరిచి బయటికొచ్చేయండి. కారుని అక్కడే వదిలేయండి, పోటొచ్చి అదే దింపుద్ది. శీను బండేసుకొచ్చేడు."

"వర్జ్యమంట."

"నేను నా మొగుణ్ణి రమ్మంటన్నానండి, మీ మావయ్యగార్ని కాదు. మీరు రండి."

ఇంక ఆలోచించలేదు. మీట నొక్కాను. పైకప్పు మెల్లగా వెనక్కి జరిగింది, నేను బాసికంతో సహా మెల్లగా పైకి లేచాను. రెండు గట్ల జనం మెడలు సాచారు. అప్పటిదాకా తటపటాయించిన బ్యాండు వాళ్ళు, ఇదే ఎదుర్కోలు కాబోలనుకుని మొత్తం మేళం అందుకున్నారు. ఎవరో అక్షింతలు వేశారు. బావమరిది చెయ్యి పట్టుకుని పెళ్ళికొడుకుని దింపాలన్నది ఆచారం కాబట్టి, శీను కొబ్బరికాయల లోడు మీద పాక్కుంటూ పానకం గ్లాసుతో వచ్చాడు. "పుచ్చుకోండి బావగారూ" అన్నాడు. కారు మీద నడుం దాకా నిలబడి పుచ్చుకున్నాను. పట్టుపంచె ఎక్కడో పట్టుకుని ఊడింది, కండువా దాని పని చేయాల్సొచ్చింది. కాయల మీంచి జారుతూ గట్టు చేరేసరికి నాతో పాటు ఓ అరడజను కాయలు గోదావరిలో పడ్డాయి. గంగమ్మకి మొక్కు తీర్చాడని ఒక ముసలావిడ దణ్ణం పెట్టింది.

శీను మోటారు సైకిలు వెనక కూర్చుని పెళ్ళికి వెళ్ళాను. విడిదిలో మొహం కడుక్కున్నాను గానీ, పీటల మీద కూర్చున్నాక కూడా తలెత్తలేదు. మధ్యలో అడ్డుతెర ఉంది కాబట్టి బతికిపోయాను. జీలకర్రా బెల్లం పెట్టించి, పంతులుగారు తెర దించారు. ఆ క్షణానికి భయపడినంత నేను దేనికీ భయపడలేదు. మెల్లగా కళ్ళెత్తి చూశాను. పద్మజ నవ్వాపుకోలేక కింది పెదవి కొరుక్కుంటోంది.

"ఎన్నింటికి రమ్మన్నానండీ?" అంది నాకు మాత్రమే వినపడేలా.

"పదకొండు దాటేక."

"ఎన్నింటికొచ్చేరు?"

"తొమ్మిదింటికి."

"అంత తొందరేంటండీ?" అని ఇంక ఆపుకోలేక నవ్వేసింది. నేనూ నవ్వేశాను. మా పెళ్ళి ఫోటోల్లో ఆ ఘట్టం నుంచి చివరి దాకా ఇద్దరం నవ్వుతూనే ఉంటాం. చూసినవాళ్ళంతా ఎంత చూడముచ్చటైన జంటో అంటారు.

అప్పుడే పందిరి బయట నా కారు కూత వినిపించింది. గంగరాజు నడుపుతున్నాడు, పక్క సీట్లో పంచాంగం ఒళ్ళో పెట్టుకుని మావయ్య. "పదకొండున్నరకి నీరెక్కిందండి. పువ్వులా దిగిపోయింది" అన్నాడు గంగరాజు. మావయ్య దిగి, అందరూ వినేలా, "చూసేరా, వర్జ్యం దాటేక బయల్దేరితే ఎంత సుఖంగా వచ్చేనో" అన్నాడు.

ఏడాది తిరక్కుండా ఆ కారు అమ్మేశాను. కొనడానికి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి, వంగి అడుగుభాగమంతా చూసి, అనుమానంగా అడిగాడు. "కారు ఎప్పుడైనా నీళ్ళలో మునిగిందా అండీ?"

నేను నోరు తెరిచేలోపే లోపల్నుంచి పద్మజ గొంతు వినిపించింది. "కారు మునగలేదండి. దానిపాటికది తేలతానే ఉంది. మునిగింది ఈయనే."

అందుచేత, పైనున్న నక్షత్రాల సాక్షిగా, కిందనున్న గోదావరి సాక్షిగా, పోయిన ఆ అరడజను కొబ్బరికాయల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నడి వర్జ్యంలోనైనా బయల్దేరతాను గానీ, ఈ జన్మలో మా ఆవిడని అడక్కుండా పంటు ఎక్కను. ఈ వాక్యం కూడా ఆవిడకి చూపించాకే రాశాను.