టేపులో మిగిలిన చోటు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చివరిదాకా చదివాక మీరు నన్ను ఇంకో రకం మనిషిగా లెక్కవేస్తారేమోనని ముందే చెప్పేస్తున్నాను. నాటకాల వాళ్ళతో ఇరవై ఏళ్ళు ఊళ్ళు తిరిగాను. పాడుబడ్డ సత్రాల్లో పడుకున్నాను. ఒకసారి నిజాంపట్నంలో ఎండుచేపలు నిలవచేసే కొట్లో పడుకోవలసి వచ్చింది. అక్కడ నన్ను నిద్రపోనివ్వనిది వాసన ఒక్కటే. మా ట్రూపులో ఎవరైనా తాయెత్తు కట్టుకుంటే పడీపడీ నవ్వేవాణ్ణి. వాళ్ళు నన్ను నాస్తికుడని పిలిచేవాళ్ళు. అది తిట్టో మెప్పో నేనెప్పుడూ అడగలేదు.

అందుకే డెబ్బైల మొదట్లో జరిగిన ఈ సంగతిని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే నవ్వడానికి నాలాంటివాళ్ళు చాలామంది ఉంటారని నాకు తెలుసు.

మాది తెనాలి పక్కన అంగలకుదురు. పద్య నాటకాలకు హార్మోనియం వాయించడం నా వృత్తి. స్టేజీకి ఓ మూల కూర్చుని, కాళ్ళతో తొక్కుతూ వాయించే పెద్ద హార్మోనియం. కరపత్రంలో కిరీటాలు పెట్టుకునేవాళ్ళ పేర్లన్నీ అయ్యాక, అడుగున, మైకు సెట్టు వాళ్ళ పేరుకు ముందు నా పేరుండేది. కొన్ని ఊళ్ళల్లో మైకు సెట్టు తర్వాత ఉండేది.

అలాంటి నాకు మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. గ్రామఫోను రికార్డులు వేసే కంపెనీ ఒకటి, పద్యాల వరసలన్నీ ఒట్టి హార్మోనియం మీద వాయించిన రికార్డు తీసుకొద్దామనుకుంటోందట. గాయకుడు ఉండకూడదు. నమూనాగా అరగంట టేపు నెలాఖరుకల్లా పంపమన్నారు. వాళ్ళకు నచ్చితే రికార్డు మీద నా పేరొక్కటే ఉంటుంది.

ఆ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, చెమటకు సిరా అలుక్కుపోయేదాకా ఊరంతా తిప్పాను. అప్పటికి నాకు నలభై దగ్గర పడుతున్నాయి. సినిమాల దెబ్బకు నాటకాలు తగ్గిపోతున్న రోజులు. ఇది చేజారితే ఇంకోటి రాదని తెలుసు. అన్నం సయించేది కాదు. కూర్చున్నా నిలబడ్డా వేళ్ళు తొడమీద వాయిస్తూనే ఉండేవి. మా ఆవిడ చూసి చూసి, ఆ వేళ్ళతో కాస్త చింతపండయినా పిసకమంది.

నాకు సాయం చేసింది ఇద్దరు స్నేహితులు. కరీంకు తెనాలి స్టేషను దగ్గర రేడియో రిపేరు షాపు ఉండేది. ప్రసాదరావు బాపట్లలో లెక్చరరు. అతని బంధువెవరో ఓడలో పనిచేస్తూ పైదేశం నుంచి తెచ్చిన స్పూలు టేపురికార్డరును పదిరోజులకని అడిగి తెచ్చాడు. టేపు చుట్టే స్పూలు మాత్రం ఒక్కటే దొరికింది.

శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్ళాక కరీం ఇక షాపు తెరవడు. ఆ వేళకు షాపు వెనక గదిలో కూర్చున్నాం. కిటికీలకు దుప్పట్లు కట్టాడు. గోడ గడియారాన్ని ఆపుదామంటే, అది ఒకసారి ఆగితే మళ్ళీ నడవదని ఒప్పుకోలేదు. ప్రసాదరావు శ్రుతిపెట్టె పట్టుకున్నాడు. దాని పని ఒకటే స్వరాన్ని ఆగకుండా మోగిస్తూ ఉండడం. కరీం మెషీను ముందు కూర్చున్నాడు. నేను నాలుగు పద్యాల వరసలు, పద్యం చివర తీసే రాగాలతో సహా, ఎక్కడా ఆగకుండా వాయించాను. బాగా వాయించానని నాకే అనిపించింది. కరీం కళ్ళు తుడుచుకున్నాడు.

టీలు తెప్పించుకుని టేపు వెనక్కి తిప్పి విన్నాం.

మొదటి పద్యం చక్కగా వచ్చింది. పద్యం అయిపోయి రాగం మొదలయ్యే చోట నా హార్మోనియం ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ అందుకుంది. రెండో పద్యంలోనూ అంతే, మూడో, నాలుగో పద్యాల్లోనూ అంతే. మూడోదాంట్లో ఆ ఖాళీ మరీ ఎక్కువసేపు ఉంది.

టేపు పాడైందనుకుందామంటే, ఆ ఖాళీల్లో శ్రుతిపెట్టె మోగుతూనే ఉంది. గడియారం టిక్కుటిక్కు వినిపిస్తూనే ఉంది. మూడో ఖాళీలో రేపల్లె బండి కూత మొదటినుంచి చివరిదాకా ఉంది. లేనిదల్లా నా వాయిద్యం.

నేనే మధ్యలో ఆపానేమోనన్నాను. ఏళ్ళతరబడి గాయకుడి వెనక వాయించిన చేతులు, అలవాటు కొద్దీ ఆగి ఉంటాయి.

"ఆపలేదండి. నేను మీ చేతులకేసే చూస్తున్నా. బండి కూతేసినప్పుడు కూడా మీరు వాయిస్తానే ఉన్నారు," అన్నాడు కరీం.

అతను మెషీను విప్పి, తుడిచి, బిగించాడు. మైకు ముందు ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టి వినిపించాడు. ఒక్క అంకె కూడా పోలేదు. నన్ను ఏదైనా ఒక కీర్తన వాయించమన్నాడు. అదీ పూర్తిగా పడింది.

సోమవారం మెషీనూ హార్మోనియమూ తీసుకుని బాపట్ల వెళ్ళాం. తెనాలి కరెంటు ఓల్టేజీ మీద కరీంకు అనుమానం. ప్రసాదరావు ఇంట్లో పొద్దున పది గంటలకు, అదే స్పూలు మీద, మొదటిది చెరిగిపోయేలా మళ్ళీ రికార్డు చేశాం. ఈసారి ప్రసాదరావు శ్రుతిపెట్టె ఆడిస్తూ నా వేళ్ళమీద నుంచి చూపు మళ్ళించలేదు. నేను ఆగితే ఆ క్షణంలోనే తల ఊపాలని ముందే అనుకున్నాం. అతను ఒక్కసారి కూడా తల ఊపలేదు.

టేపు తిప్పి వింటే అవే నాలుగు ఖాళీలు. గడియారానికి బదులు పక్కింటి బావి గిలక చప్పుడు ఉంది, అంతే తేడా. మూడోది మళ్ళీ అన్నిటికంటే పొడుగు.

ప్రసాదరావు నవ్వి, సూర్యలంక వెళ్ళి సముద్రంలో మునిగొద్దాం, బుర్ర చల్లబడుతుందన్నాడు. నాకు నవ్వు రాలేదు. మూడో ఖాళీని ఇంకోసారి పెట్టించుకుని విన్నాను. ఆ ఖాళీ ఎవరిదో నాకు తెలిసిపోయింది.

ఇక్కడ రాఘవయ్య గారి సంగతి చెప్పాలి. ఆయనది రేపల్లె. పన్నెండేళ్ళు ఆయన పద్యాలకు నేను వాయించాను. పద్య నాటకంలో, పద్యం చివరి మాట అయ్యాక గాయకుడు రాగం ఎత్తుకుంటాడు. జనం వచ్చేది దానికోసమే. హార్మోనియం ఆయనకు అడుగు వెనక నడవాలి. ఆయన దమ్ము తీసుకునేటప్పుడు కాస్త పలికించి, వెంటనే తగ్గి, చోటివ్వాలి. ఆయన ముగించేదాకా మనం ముగించకూడదు. ఇది ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు, మా వాళ్ళల్లో దాన్ని తప్పినవాడి పక్కన ఎవరూ విస్తరాకు వేసుకోరు.

అరవైల చివర్లో బాపట్లలో ఆయనకు శాలువా కప్పారు. పక్కన నిలబడ్డ నన్ను చూపించి ఎవరో అడిగితే, మా పెట్టె వాయించే కుర్రాడండి అన్నారాయన. నాకప్పటికి ఇద్దరు పిల్లలు. ప్రేమగానే అన్నారని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు ఒళ్ళు మండింది.

తర్వాతి నాటకం రేపల్లెలో, ఆయన సొంత ఊళ్ళో. ఆయనకు యాభై అయిదు దాటాయి, దమ్ము తగ్గింది, ఇదివరకటి కంటే ఎక్కువ చోటు కావాలి. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. మూడో పద్యం రాగంలో ఆయన దమ్ము తీసుకోగానే నేను ఎత్తుకున్నాను. తగ్గలేదు. పైకి పోయి, చుట్టుతిరిగొచ్చి, నేనే ముగించేశాను. జనం నాకు చప్పట్లు కొట్టారు. ఆయన నోరు తెరుచుకుని నిలబడిపోయారు. నాలుగో పద్యంలో ఆయన గొంతు జీరపోయింది. ఈలలు వేశారు.

రంగు కడుక్కున్నాక ఆయన నాతో ఒక్క మాటే అన్నారు.

"ఇవాళ నా దమ్ముకి చోటివ్వలేదు సాంబయ్యా."

మళ్ళీ ఆయన ముఖానికి రంగు వేసుకోలేదు. మరుసటి ఏడు వానాకాలంలో పోయారు. నాకు వేరే ఊళ్ళో నాటకం ఉందని చెప్పి చూడ్డానికి వెళ్ళలేదు. నిజానికి ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను.

ఇదంతా ప్రసాదరావు ఇంటి వరండాలో కూర్చుని వాళ్ళిద్దరికీ మొదటిసారి చెప్పాను. తర్వాత టేపు మళ్ళీ పెట్టించి, ఖాళీ వచ్చినప్పుడల్లా ఆయన రాగాన్ని మనసులో అనుకుంటూ పోయాను. నాలుగూ సరిపోయాయి. ఆయన ముగించాల్సిన చోటే నా హార్మోనియం తిరిగి అందుకుంటోంది.

కరీం తన పనిముట్ల పెట్టెలోంచి బ్లేడు తీశాడు. టేపును ఖాళీ ఉన్న చోట కోసి, రెండు కొసలూ అతికిస్తే ఖాళీ పోతుంది. శ్రుతి ఒకటే కాబట్టి అతుకు తెలియదు. నాలుగు కోతలు, గంట పని. మెషీను మర్నాడు తిరిగిచ్చేయాలి. నెలాఖరు మూడు రోజుల్లో ఉంది. మూడోసారి రికార్డు చేసే వీలు లేదు.

నేను ఒప్పుకున్నాను. మీ దగ్గర దాచడమెందుకు, ఒప్పుకున్నాను. నా పేరొక్కటే ఉన్న రికార్డు కళ్ళముందు తిరుగుతోంది. కరీం టేపును వేలిమీదకు తీసుకుని గుర్తు పెట్టాడు, బ్లేడు ఆనించాడు.

"వద్దు కరీం," అన్నాను. "ఒకసారి కోశాను. చాలు."

ఖాళీలతోనే టేపు మద్రాసు పంపాం. పోస్టాఫీసు నుంచి తిరిగొస్తూ, ఇంత తెలివితక్కువ పని లోకంలో ఎవరూ చేసి ఉండరని నన్ను నేనే తిట్టుకున్నాను. రెండు వారాలు పోస్టుమాన్ సైకిలు బెల్లు వినపడితే చాలు, వీధిలోకి పరిగెత్తేవాణ్ణి.

టేపు తిరిగొచ్చింది. దాంతోపాటు ఉత్తరం. హార్మోనియం చాలా బాగుందని రాశారు. కానీ తాము ఒట్టి వాయిద్యం అడిగితే గాయకుణ్ణి ఎందుకు కూర్చోబెట్టారని అడిగారు. పద్యాల చివర రాగం తీసినాయన గొంతు మైకుకు దూరంగా ఉన్నా పండిన గొంతని, ఆయన పేరేమిటో తెలియజేయమని, అయితే రికార్డుకు మాత్రం ఆయన లేకుండా మళ్ళీ వాయించి పదిహేను రోజుల్లో పంపమని రాశారు.

ఉత్తరాన్ని కరీం రెండుసార్లు చదివాడు. మెషీను మళ్ళీ అడిగి తెప్పించి ముగ్గురం విన్నాం. శ్రుతి, బావి గిలక. ఇంకేమీ లేదు. చెవి మెషీనుకు ఆనించి విన్నాను. ఏమీ లేదు.

కంపెనీకి జవాబు రాశాను. ఆయన పేరు రాఘవయ్య గారు, రేపల్లె. ఆయన లేకుండా వాయించడం నావల్ల కావడం లేదు. అంతే రాశాను. అక్కడినుంచి మళ్ళీ ఉత్తరం రాలేదు. నా పేరుతో రికార్డూ రాలేదు.

మెషీను తిరిగిచ్చేలోపు కరీంను వెంటబెట్టుకుని బండెక్కి రేపల్లె వెళ్ళాను. రాఘవయ్య గారి భార్య రత్తమ్మ గారు అరుగుమీద మినుములు చెరుగుతున్నారు. ఆయన పోయాక ఆ గడప తొక్కడం అదే మొదలు. ఒక్క నిష్ఠూరపు మాట అనలేదు. ఎండన పడి వచ్చారని ఇద్దరికీ మజ్జిగ ఇచ్చారు. మద్రాసు ఉత్తరం సంగతి నేను చెప్పలేదు. హార్మోనియం వాయించి టేపు చేయించానని, వదిన గారికి వినిపిద్దామని వచ్చానని మాత్రం అన్నాను.

టేపు నడుస్తున్నంతసేపూ ఆవిడ చెరుగుతూనే ఉన్నారు. మొదటి ఖాళీ వచ్చేసరికి చేట ఆగింది. మూడో ఖాళీలో చేట పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేను నేలకేసి చూస్తూ కూర్చున్నాను. నాకు శ్రుతి, గిలక చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

టేపు అయిపోయింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని నాకేసి చూశారు.

"ఈసారి తొందరపడలేదు సాంబయ్యా. ముగించేదాకా ఆగావు," అన్నారు.

ఆవిడకు ఏం వినిపించిందో నేను అడగలేదు. గొంతు వినిపించిందన్నా, ఖాళీయే వినిపించిందన్నా తట్టుకునే శక్తి అప్పుడు నాకు లేదు. తెనాలి వచ్చేదాకా కరీం మెషీనును ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఆవిడా కాలం చేశారు. అడుగుదామన్నా ఇప్పుడు మనిషి లేదు.

మద్రాసులో ఇంకేదో టేపుతో కలగాపులగం అయిందని ప్రసాదరావు అనేవాడు. అయి ఉండొచ్చు. మరి రెండు ఊళ్ళల్లో, ఇద్దరు కళ్ళప్పగించి చూస్తుండగా నేను వాయించిన వాయిద్యం ఎక్కడికి పోయిందంటే మాట మార్చేవాడు. దయ్యాలంటే ఇప్పటికీ నమ్మకం లేదు, అది వేరే సంగతి.

ఆ స్పూలు నా దగ్గరే ఉంది. ఎప్పుడైనా మెషీను దొరికితే పెట్టించుకుని వింటాను. రాఘవయ్య గారిని ఎన్నడూ చూడని మద్రాసు వాళ్ళకు ఆయన వినిపించారు. పన్నెండేళ్ళు పక్కన కూర్చుని వాయించిన నాకు ఇంతవరకు ఒక్కసారి కూడా వినిపించలేదు.