స్పానిష్ పేపర్ మీద నా అభ్యంతరం

మొన్న అశోక్‌నగర్‌ కోచింగ్ సెంటర్ల వీధిలో టీ తాగుతుంటే పక్కన ఇద్దరు కుర్రాళ్లు ఫోన్‌లో పరీక్ష జవాబుల కీ చూస్తూ, "గిది తప్పన్నా, అబ్జెక్షన్ పెడదాం" అంటున్నారు. నాకు కడుపు నిండింది. ఒకప్పుడు అభ్యంతరాలు రాయడంలో ఆ వీధిలో నన్ను మించినవాడు లేడు. సర్కారు పరీక్ష ఏది జరిగినా పుస్తకంలో పేజీ జిరాక్స్ తీసి, కీ తప్పని నిరూపించి పంపేవాణ్ణి. రెండుసార్లు నెగ్గాను కూడా. ఉద్యోగం మాత్రం రాలేదు. దాని మీద నాకున్న ఫిర్యాదులకు ఈ కాగితం చాలదు.

నాలుగేళ్లయ్యాక ఇంట్లోవాళ్లు ఇక చాలన్నారు. స్పానిష్ వస్తే కంపెనీలు తీసుకుంటాయని విని నారాయణగూడలో ఒక మేడమ్ దగ్గర చేరాను. చివరి పరీక్ష పాసైనవాళ్ల పేర్లు ఆమె కంపెనీలకు పంపేది. అదే నా ఆఖరి ఆశ. గ్రూప్స్‌కు చదివినట్టే చదివాను: ఎడమ గడిలో మాట, కుడి గడిలో అర్థం. 'తొమార్' అంటే తీసుకోవడం, 'పేలో' అంటే జుట్టు. పరీక్షలో 'తొమార్ ఎల్ పేలో' అడిగితే జుట్టు తీసుకోవడమని రాశాను. ఆటపట్టించడమట! ఒక్క మార్కు తక్కువై ఫెయిలయ్యాను. పైగా మేడమ్ నా జవాబు క్లాసులో పైకి చదివింది. ముందు వరసలో పసుపు చున్నీ అమ్మాయి అందరికంటే ఎక్కువసేపు నవ్వింది. ఆ నవ్వు నేనింకా మరిచిపోలేదు.

చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి నిఘంటువులో రెండు పేజీలు జిరాక్స్ తీయించి అభ్యంతరం రాశాను. నా రూమ్మేటు, కానిస్టేబుల్ పరీక్షకు చదివేవాడు, చూసి అదిరిపడ్డాడు.

"ఏందన్నా, మేడమ్‌కు గూడ అబ్జెక్షనా?"

"పుస్తకంల ఉన్నదే రాసిన. మార్కు ఇయ్యాలె."

మేడమ్ ఈసారి మనసులోనే చదువుకుని తెల్లకాగితం చేతికిచ్చింది. "మీ ఇంట్ల మాట్లాడుకునేటియి పది రాయి. ఒక్కో మాట విడదీసి అర్థం పెట్టు. ఒక్కటి కుదిరినా మార్కు ఇస్త."

ఒక్కటే కదా అనుకుని రూముకొచ్చి రాయడం మొదలుపెట్టాను. తల తినడం, చేతులెత్తేయడం, మొహం చాటేయడం.

"నీళ్లు నమిలిండు అని గూడ రాయన్నా, నువ్వు ఇప్పుడు చేస్తున్నదదే" అన్నాడు రూమ్మేటు.

తొమ్మిది రాశాను, ఒక్కటీ కుదరలేదు. పదోది, మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అనేది: "నీ మీదనే పాణం కొట్టుకుంటున్నది బిడ్డా." ప్రాణం ఒక గడిలో, కొట్టుకోవడం ఒక గడిలో పెట్టాను. రెండు గళ్లలోనూ అమ్మ లేదు. పెన్ను మూసేశాను.

కాగితం ఇవ్వలేదు. అభ్యంతరం వెనక్కీ తీసుకోలేదు. మరో బ్యాచ్‌లో చేరి, మేడమ్‌తో అవసరానికి మించి ఒక్క మాటా మాట్లాడకుండా పాసయ్యాను, ఉద్యోగమూ వచ్చింది. మొన్న టీ తాగాక నారాయణగూడ వెళ్తే, ఆమె క్లాసు నడిపిన చోట ఇప్పుడు కళ్లద్దాల దుకాణం ఉంది. ఎక్కడికి వెళ్లిందో అక్కడెవరికీ తెలియదు. ఆమెదే ఒప్పని చెప్పడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది. వినాల్సిన మనిషి అన్నేళ్లు ఒకేచోట ఎందుకు కూర్చుంటుంది?