రెండు వేళ్లు

మా ఫిజియోథెరపీ సంఘానికి ఆయన అధ్యక్షుడు. కరీంనగర్‌ల అందరం సార్ అనేటోళ్లం. పక్షవాతం వచ్చినోళ్ల అరచేతిల తన రెండు వేళ్లు పెట్టి, "పట్టు" అనేటోడు. పట్టు దొరక్కుంటే మొఖం మీదనే, "ఇయ్యాల రాలే" అని చెప్పేటోడు. మల్ల తెల్లారంగనే ఆ మంచం కాడికే ముందుగాల పోయేటోడు.

ధర్మపురి నుంచి వచ్చిన ఒక తల్లి, "ఒక్కసారన్నా వచ్చిందనరాదా సారూ, నా కొడుక్కు పానం నిమ్మలమైతది" అని బతిమిలాడింది.

"నా మాటతోటి చెయ్యి లేవదమ్మా" అన్నడు.

మా సంఘంల ఒకతను, పక్షవాతం వచ్చిన ఒక మంథని రైతు చేతిల పట్టు లేకున్నా, "జర వచ్చింది" అని చెప్పిండు. ఆ ఆశతోటి రైతు నాగలి పట్టబోయి మడిల పడి తుంటి విరగ్గొట్టుకున్నడు. సార్ మీటింగుల అందరి ముందట అతన్ని నిలవెట్టి, "లేని పట్టు ఉన్నదనేటోడు మనల ఉండద్దు" అని సంఘంల నుంచి తీసేసిండు.

కొన్నేండ్లకు సార్‌కే కుడికాలు, కుడిచెయ్యి పడిపోయినయి. మాట పోయింది. నేనూ, ఆ తీసేసినతనూ కలిసి చూడవోయినం. అతను సార్ కుడిచేతిల రెండు వేళ్లు పెట్టిండు. చెయ్యి కదల్లే. అయినా కండ్లల్ల నీళ్లు తీసుకుంట, "జర వచ్చింది సార్" అన్నడు.

సార్ నా దిక్కు చూసిండు. నేనూ వేళ్లు పెట్టి చూసిన. తడిబట్ట తీర్గ మెత్తగున్నది. సార్ నేర్పిన మాటే చెప్పిన.

"ఇయ్యాల రాలే సార్."

సార్ కండ్లు మూసుకున్నడు. జరసేపటికి ఎడమచేత్తోటి నా వేళ్లు తీసేసిండు. అతని చెయ్యి గుంజుకొని, మల్ల తన కుడిచేతిల పెట్టుకున్నడు.