పిట్ట దిగని గుంట

పెదనాన్న పోయాడన్న కబురు నేను రొయ్యల గుంట కట్ట మీద ఉండగా వచ్చింది. పొద్దున మేత చల్లుతున్నాను. ఫోన్‌లో పెద్దమ్మ ఏడవలేదు. "మీ పెదనాన్న ప్రభువు దగ్గరికి పోయినాడు నాయనా, రా" అంది. ఫోన్ జేబులో పెట్టుకుని పైకి చూశాను. అది ఆయన నేర్పిన అలవాటే. ఏ కబురు విన్నా, ఏ పని మొదలుపెట్టినా ముందు ఆకాశంలో పిట్టలున్నాయేమో చూసుకోవాలి. ఆ పొద్దున ఒక్కటీ లేదు.

వాకాడు దగ్గర మా భూములు ఒకప్పుడు వరి మళ్లు. మా తాత దున్నుతుంటే నాగలి వెనక కొంగలు నడిచేవట. పురుగులు ఏరుకు తింటాయని, వాటి మీద చిన్న మట్టిగడ్డ కూడా వేయనిచ్చేవాడు కాదట. తర్వాత ఉప్పు పైకెక్కి వరి పండడం మానేసింది. ఊరంతా గుంటలు తవ్వింది, పెదనాన్నా తవ్వాడు. అప్పటి నుంచి కొంగను చూస్తే మా ఇంట్లో గుండెలు దడదడలాడేవి.

రొయ్యకు తెల్లమచ్చ జబ్బు తగిలితే నీరసించి నీళ్ల అంచుకు వస్తుంది. అది మనకంటే ముందు పిట్టకు తెలుస్తుంది. గుంట మీద పిట్టలు మూగాయంటే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. పైగా పక్క గుంటలో జబ్బు రొయ్యను నోట కరుచుకొచ్చి మన గుంటలో జారవిడుస్తాయి. అందుకే ఈ కట్ట నుంచి ఆ కట్టకు సన్నని తాళ్లు లాగి కడతాం. పెదనాన్న రోజూ తల మీది తువ్వాలు తీసి, ఆ తాళ్ల కింద నిలబడి ప్రార్థన చేసేవాడు. "ప్రభువా, ఈ పూట నా గుంటలో పిట్టను దిగనీబాక." చర్చిలో కంటే ఇక్కడే భక్తి ఎక్కువని పెద్దమ్మ ఎగతాళి చేసేది.

మనిషి కఠినుడు కాదు. కట్ట మీది కుక్కకు బిస్కెట్ టీలో ముంచి పెట్టేవాడు. నాన్న పోయాక నన్ను ఈ పనిలో నిలబెట్టింది ఆయనే. పిట్టల సంగతి వస్తే మాత్రం వేరే మనిషైపోయేవాడు.

నెల్లూరులో డిగ్రీ చదివే మా అమ్మాయి ఒకసారి సెలవులకు వచ్చింది. గుంట మీది తాడుకు రెక్క చిక్కుకుని ఒక కొంగ వేలాడుతోంది. తనే నడుం లోతు నీళ్లలో దిగి తాడు కోసింది. కొంగ తన చేతుల్లోనే చచ్చిపోయింది. పెదనాన్న రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"దాని నోట్లో రొయ్య ఉండాదేమో చూడమ్మా ముందు!"

"చచ్చిపోయింది తాతా. నీకు జాలే లేదా?"

"మా నాయనకు జాలి ఉండింది. నాకు భయం ఉండాది. భయపడేవాడికి జాలి యాడ నుంచి వస్తుందమ్మా?"

"నాకూ భయమే తాతా. ఇవి లేకుండా పోతాయేమోనని."

పెదనాన్న నవ్వాడు. "పోతే మంచిదే గదా!" అన్నాడు. నేనూ నవ్వాను.

పోయిన వేసవి పంటకు జబ్బు రానే వచ్చింది. గాలివానకు తాళ్లు చాలావరకు తెగిపోయాయి, మళ్లీ కట్టుకోలేదు. రొయ్యలు అంచుకు కొట్టుకొచ్చి పక్కకు ఒరిగిపోతున్నాయి. పెదనాన్న వాటిని చూడడం లేదు. తల పైకెత్తి కూర్చున్నాడు.

"ఇంత మేత పరిచి ఉంటే ఒక్క కాకైనా దిగలేదేందిరా?"

"పోనీలే పెదనాన్నా, పక్క గుంటకైనా అంటకుండా ఉంటుంది" అన్నాను.

"అది కాదురా. ఈ నీళ్లలో మనం ఏమేం పోసినామో ఒకసారి గుర్తు తెచ్చుకో."

జబ్బు వస్తుందన్న భయంతో అంగడివాడు ఏ పొడి ఇస్తే ఆ పొడి, ఏ మందు చెప్తే ఆ మందు పోశాం. ఆయన కళ్లు మా ఇంటి వైపు తిరిగాయి. మా ఇంటి బోరు ఆ గుంటకు పక్కనే ఉంది. రోజూ మేం తాగేది ఆ నీళ్లే.

ఆ సాయంత్రం ఆయన మా అమ్మాయికి ఫోన్ చేశాడు. "నీ భయం నాకు పట్టుకునిందమ్మా" అన్నాడు. మిగిలిన తాళ్లన్నీ తన చేత్తోనే కోసేశాడు. కొత్త పంట వేశాక ఆ మందుల జోలికి పోనివ్వలేదు. రోజూ కట్ట మీద తువ్వాలు తీసి, "ఒక్క పిట్టనన్నా పంపు ప్రభువా" అని అడిగేవాడు. పెద్దమ్మ ఇక ఎగతాళి చేయలేదు. ఆయన బతికుండగా మాత్రం ఒక్కటీ రాలేదు.

సమాధి చేసి వచ్చిన మర్నాడు తెల్లవారుతూనే గుంటకు వెళ్లాను. అమ్మాయి కూడా వచ్చింది. ఒకప్పుడు తాళ్లు కట్టిన గుంజ మీద తెల్ల కొంగ ఒకటి కూర్చుని ఉంది. ఇద్దరం ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోయాం.

"దిగుతుందా నాన్నా?" అంది నెమ్మదిగా.

తువ్వాలు తీశాను. అది దిగితే రొయ్యలకు జబ్బు తగిలిందేమోనని భయం. దిగకపోతే నీళ్లే పాడైపోయాయేమోనని అంతకంటే పెద్ద భయం. ప్రభువును ఏమని అడగాలో తోచలేదు. కొంగ మెడ చాచి నీళ్లలోకి చూసింది. ఒక కాలు ఎత్తి, కింద పెట్టకుండా అలాగే ఉంది.