ఫాయిజా ఇంటి పొగగొట్టం

చలికాలంలో మా సలమియా ఊళ్లో ఎవరింట్లో ఏం కాలుతోందో పొగగొట్టం చూసి చెప్పేయొచ్చు. ప్లాస్టిక్ కాల్చేవాడిది నల్లపొగ, పచ్చి కట్టెలు కాల్చేవాడిది తెల్లపొగ. డీజిల్ దొరకడం మానేశాక వీధంతా ఈ రెండు రంగులే. ఒక్క ఫాయిజా ఇంటి గొట్టం మీద మాత్రం ఏమీ కనిపించేది కాదు. పాపం, పొయ్యి ఆరిపోయినట్టుందని జనం జాలిపడి పలకరించడానికి వెళ్లేవాళ్లు. ఆమెకు ఆ జాలితోనే వచ్చింది చిక్కంతా.

నాది ఫలాఫెల్ కొట్టు. వడలు వేయించి వేయించి నల్లబడ్డ నూనెను ఫాయిజా డబ్బాలో పట్టుకెళ్లేది. దాన్ని కిటికీలో ఎండకు పెట్టి మడ్డి దిగనిచ్చేది. పాత తలగుడ్డలో వడకట్టి, చిటపటలు ఆగేదాకా కాచి, నీటి చుక్క మిగలకుండా చేసేది. గది మధ్యలో ఉన్న సోబా, అంటే ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి కూడా ఆమె చేతి పనే. మందపాటి ఇనప గొట్టం ముక్కకు చుట్టూ చిల్లులు తొలిపించి, అడుగున ఇనప గిన్నె అమర్చింది. పైన డబ్బా నుంచి సన్నటి రాగి గొట్టం, దానికో చిన్న కుళాయి. ముందు గుడ్డపీలికలు మండించి గిన్నెను బాగా కాగనిచ్చి, అప్పుడు నూనె వదలాలి. చుక్క మీద చుక్క నిదానంగా పడితే మంట తేటగా, పొగ లేకుండా మండుతుంది. కుళాయి కాస్త ఎక్కువ తిప్పారా, గదంతా మసే. ఇదంతా పట్టుబడేలోపు ఆమె కనుబొమలు ఓసారి కాలిపోయాయి. నేను నవ్వితే వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంత అవస్థా మొగుడి కోసం. ముంజిర్ జీవితమంతా రాళ్లు చెక్కాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుంది. వెచ్చగా ఉంచండి, పొగ తగలనీయకండి అని డాక్టరు చెప్పి పంపేశాడు. మా ఊళ్లో ఆ రెండూ ఒకచోట దొరికితే కదా!

ఆమె ఎలాగో దొరికించుకుంది. కానీ మాకో పాడు మర్యాద ఉంది. ఇంటికి మనిషి వస్తే కాఫీ కంటే ముందు సోబా కుళాయి పూర్తిగా తిప్పాలి. మంట గుప్పున లేవాలి, వచ్చినవాడు కోటు విప్పాలి. లేకపోతే ఆ ఇంటికి పరువు లేనట్టే. ఎవరు గుమ్మం తొక్కినా ముంజిర్ లేచి కుళాయి తిప్పేసేవాడు. తర్వాత పొగ, దగ్గు. ఆమె కిటికీలు తెరిస్తే మళ్లీ చలి. విసిగిపోయి ఒకరోజు కుళాయి పిడి ఊడదీసి జేబులో వేసుకుంది.

"పిడి ఏదే?"

"అరిగిపోయింది."

"నిన్న ఉందిగా!"

"నిన్నే అరిగింది."

పిసినారి అని వీధంతా అనుకున్నారు. నా కొట్టు ముందు నిలబడి మరీ అనుకున్నారు. వాళ్లకు వడలు కట్టివ్వబుద్ధి అయ్యేది కాదు. ఆమె మాత్రం ఆ మాట మోస్తూనే శీతాకాలం ఈడ్చుకొచ్చింది. ముఖం పీక్కుపోయింది.

ఒక మధ్యాహ్నం నేను నూనె ఇవ్వడానికి వెళ్లేసరికి అబూ రాఫె వచ్చి కూర్చున్నాడు. ముంజిర్ చేతికి ఉలి ఇచ్చి పని నేర్పిన ముసలి ఉస్తాద్. మంచులో అంత దూరం నుంచి వచ్చాడు, కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. నేను వంటింట్లో ఫాయిజాకు డబ్బా అందిస్తుంటే ముంజిర్ వచ్చి గొంతు తగ్గించాడు.

"ఆయన ముందు నా తల తీసెయ్యకు ఫాయిజా. ఈ ఒక్కసారికి ఇవ్వు."

"నీ ఊపిరి సంగతో?"

"ఊపిరిదేముందే, రేపు కూడా పీల్చుకుంటాను. ఉస్తాద్ రేపు రాడుగా."

ఆమె గుమ్మంలోంచి ముసలాయన ఒంటి మీది కోటు వైపు చూసింది. చివరికి జేబులోంచి పిడి తీసి ఇచ్చింది. మంట లేచింది. ముసలాయన కోటు విప్పి పక్కన పెట్టాడు. ముంజిర్ దగ్గు ఆపుకుంటూ నవ్వాడు. ఆ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

చలి తగ్గి బాదం పూయకముందే ముంజిర్ పోయాడు. ఆ మధ్యాహ్నమే ప్రాణం తీసిందని నేననను. రాతి దుమ్ము ఏనాడో ఆ పని మొదలుపెట్టింది.

పరామర్శకు ఊరంతా వచ్చింది. పిసినారి అన్నవాళ్లూ వచ్చి, కోట్లు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ఫాయిజా లేచింది. జేబులోంచి పిడి తీసి కుళాయికి తగిలించి, ఆఖరిదాకా తిప్పింది. ఒక్కొక్కరే కోట్లు విప్పారు. గదిలో మసి కమ్ముకుంటోంది. నేను దగ్గరికి వెళ్లి మెల్లగా అన్నాను.

"పొగ వస్తోంది, చెల్లెమ్మా."

"రానీ అన్నయ్యా," అంది. "ఇంక దగ్గేదెవరు?"